పాటకు దక్కిన పేరు, కర్తకు దక్కనిది: బడ్డీ గ్రీన్ సంగీత జీవితంపై ఒక సంవాదం

ఆక్షేపకుడు: జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో 1953లో పుట్టిన బడ్డీ గ్రీన్ పాటలు రాసి, బాణీలు కట్టి, గిటార్ మీటుతూ పాడి, వీటన్నిటికన్నా మిన్నగా మౌత్ ఆర్గాన్ మీద అరుదైన పట్టు సాధించినవాడు. అయినా అమెరికా దక్షిణ రాష్ట్రాల చర్చి సంగీతాన్ని దగ్గరగా ఎరిగినవారికి తప్ప ఆ దేశంలోనే ఆయన పేరు పెద్దగా తెలియదు. ఆయన బాణీ కట్టిన 'మేరీ, డిడ్ యూ నో?' అన్న క్రిస్మస్ గీతాన్ని మాత్రం ప్రతి డిసెంబరులోనూ చర్చి గాయకబృందాలు, పాప్ తారలు, బడిపిల్లలు ఒకరిని చూసి ఒకరు ఎత్తుకుంటూనే ఉంటారు. ఒక సంగీతజ్ఞుడి జీవితకృషిని తూచవలసి వచ్చినప్పుడు పాటకూ పేరుకూ మధ్య ఏర్పడిన ఈ ఎడాన్ని లోటుగానే లెక్కించాలన్నది ఈ పక్షం వాదం. 1980లలో ప్రసిద్ధ గిటారిస్టు, గాయకుడు, నటుడు అయిన జెర్రీ రీడ్ బృందంలో వాయించిన మనిషికి నాష్‌విల్ సంగీత వ్యాపారంలో పైకి పోవడానికి దారి లేకపోలేదు. సువార్త సంగీతం, బ్లూగ్రాస్, మౌత్ ఆర్గాన్ అనే మూడు ఇరుకు సందుల్లో నడవడానికి ఆయనే ఇష్టపడ్డాడు, ఆ ఇష్టానికి పడిన ఖరీదే ఈ ఎడం.

సమర్థకుడు: ఆ మూడూ ఇరుకు సందులని ముందే తేల్చుకుని తూకానికి కూర్చుంటే ఫలితం వేరుగా రాదు. ఇక్కడ సువార్త సంగీతమంటే షికాగో నల్లజాతి చర్చిలలో 1930లలో థామస్ డార్సీ వంటివారు తీర్చిదిద్దిన ధార కాదు, దక్షిణ రాష్ట్రాల శ్వేతజాతి చర్చిలలో పెరిగిన నలుగురు గాయకుల కూటముల సంప్రదాయం. దానిని సదరన్ గాస్పెల్ అంటారు. టెనెసీలోని లారెన్స్‌బర్గ్‌లో పాటల పుస్తకాలు అచ్చువేసే జేమ్స్ వాన్ 1910లో నలుగురు గాయకులకు జీతమిచ్చి ఊరూరా పంపడంతో ఆ కూటములకు వృత్తిరూపం వచ్చింది. ఆ నలుగురి పని తమ గొంతులకు పేరు తెచ్చుకోవడం కాదు, ఆ సాయంత్రం విన్న పాటను మరునాడు ఊరివారు పుస్తకం చూసి తామే పాడుకునేలా చేయడం. ఆ పుస్తకాల్లో స్వరాన్ని బట్టి గుర్తు ఆకారం మారే లిపిని వాడింది కూడా సంగీతం చదవనివారు సైతం పాడగలగాలనే. ఇటువంటి సంప్రదాయంలో పాట కర్త చేయి దాటి వెళ్ళిపోవడం ప్రమాదవశాత్తూ జరిగేది కాదు, ఆ వృత్తికి అదే గమ్యం. గ్రీన్ బాణీ ఆ గమ్యానికి చేరింది. అటువంటప్పుడు ఆయన్ను ఓడినవారి జాబితాలో చేర్చడానికి ఆధారమేమిటో ఆక్షేపకులే చెప్పాలి.

ఆక్షేపకుడు: వాన్ కథను నిరాడంబరతకు సాక్ష్యంగా పిలవడం విచిత్రంగా ఉంది, ఎందుకంటే ఆ గాయకులు పుస్తకాలమ్మే సంస్థ ప్రతినిధులు, వారి పేర్లు వెనకబడితే లాభపడింది దేవుడో సంఘమో కాదు, ప్రచురణకర్త. పైగా ఈ సంప్రదాయం పేర్లను పట్టించుకోదన్నది కూడా నిజం కాదు. ఇండియానాకు చెందిన బిల్ గేథర్ 1991లో మొదలుపెట్టిన 'హోంకమింగ్' వీడియోలు పాతతరం గాయకులను ఒకచోట కూర్చోబెట్టి, వారి ముఖాలనూ పేర్లనూ కన్నీళ్ళనూ ఇంటింటి టెలివిజన్‌కు చేర్చాయి. గ్రీన్ కూడా ఆ వేదికల మీద తరచుగా కనిపించాడు. పేరు అక్కరలేని లోకమే అయితే ఆ వీడియోల అట్టల మీద అన్ని పేర్లు, అంత పెద్ద అక్షరాల్లో ఎందుకు అచ్చయ్యాయి? కొందరి పేర్లతో వ్యాపారం చేసుకుంటూ, పేరు దక్కనివారి విషయంలో మాత్రం అది వినయమని చెప్పుకునే అలవాటు అన్ని మతాల సంగీతాల్లోనూ ఉంది.

సమర్థకుడు: వాన్ వ్యాపారి అన్న మాట ఒప్పుకోవలసిందే, గేథర్ పరిశ్రమ కూడా పరిశ్రమే. కానీ సాధారణ సూత్రాలు వదిలి ఈ ఒక్క పాట చరిత్రను చూస్తే పరిస్థితి మరోలా కనిపిస్తుంది. వర్జీనియాలోని తమ చర్చి వారు వేసే క్రిస్మస్ ప్రదర్శనలో దృశ్యానికీ దృశ్యానికీ మధ్య చదవడానికి మార్క్ లౌరీ 1984లో కొన్ని ప్రశ్నలు రాశాడు. బిడ్డను ఒడిలో పెట్టుకున్న మరియమ్మను నేరుగా అడుగుతున్నట్టుగా సాగే ఆ పంక్తులకు ఏడేళ్ళపాటు బాణీ లేదు. 1991లో గ్రీన్ బాణీ కట్టాడు, అదే ఏడాది లౌరీతో కలిసి గేథర్ గాయకబృందంలో పాడుతున్న మైకేల్ ఇంగ్లిష్ తన తొలి సొంత ఆల్బంలో దానిని పాడాడు. 1993లో కంట్రీ గాయని క్యాథీ మాటియా, 1996లో కెన్నీ రాజర్స్, వైనోనా జంటగా పాడారు. 2014లో పెంటటోనిక్స్ అనే అయిదుగురు గాయకుల బృందం ఏ వాద్యమూ లేకుండా గొంతులతోనే పాడిన రూపం దేశమంతటి పాప్ పాటల జాబితాలో తొలి ముప్ఫై స్థానాల్లోకి వెళ్ళింది. ఒక్కొక్కరి దగ్గర ఆ పాటకు ఒక్కొక్క అలంకారం అమరింది, తాళగతి మారింది, గొంతు మారింది, బాణీ మాత్రం నిలిచింది. ఇంతమంది చేతుల్లో ఇన్ని రూపాలు పొందినా చెదరని బాణీ కట్టగలగడం కన్నా స్వరకర్తకు కావలసిన పరీక్ష వేరే ఉండనక్కరలేదు; ఆ పరీక్షలో నెగ్గినవాడి ముఖం శ్రోతకు గుర్తుందా లేదా అన్నది సంగీతానికి సంబంధించిన ప్రశ్నే కాదు.

ఆక్షేపకుడు: ఆ ప్రయాణాన్ని బాణీ బలం ఒక్కదానికే అంటగట్టడం సరికాదు, దాని వెనక చట్టం ఉంది. 1909 నాటి అమెరికా గ్రంథస్వామ్య చట్టం తప్పనిసరి అనుమతి అనే ఏర్పాటు చేసింది. కర్త సమ్మతితో ఒక పాట ఒకసారి రికార్డయి బయటికి వచ్చాక, నిర్ణీత రుసుము చెల్లించే ఎవరైనా దానిని తమ గొంతుతో మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు, వద్దనే హక్కు కర్తకు లేదు. ఆ రుసుము 2006 నుంచి 2022 దాకా అయిదు నిమిషాలు మించని పాటకు ప్రతికి 9.1 సెంట్లు, అది కూడా ప్రచురణకర్త, పదకర్త, స్వరకర్త పంచుకోవలసినదే. ఆరాధన జరుగుతుండగా చర్చిలో భక్తిగీతం పాడితే, ఆ ప్రదర్శనకు ఏమీ చెల్లించనక్కరలేదని అదే దేశపు చట్టం మినహాయింపు ఇచ్చింది. అంటే ఈ పాట ఏ చోట అత్యంత సహజంగా పలుకుతుందో ఆ చోట కర్తకు పేరూ లేదు, పైకమూ లేదు.

సమర్థకుడు: చట్టాన్ని పిలిచినప్పుడు దాని సాక్ష్యం మొత్తం వినాలి. అమెరికా రేడియో స్టేషన్లు పాటను ప్రసారం చేసినప్పుడు గాయకుడికి ఏమీ చెల్లించవు; చెల్లింపు అందేది పదకర్తకూ స్వరకర్తకూ ప్రచురణకర్తకే. కనుక ముఖం తెలిసిన తార పాడిన ప్రతి ప్రసారం వల్ల ఆదాయం వచ్చేది ముఖం తెలియని కర్తకు. లౌకికమైన తూకంలో కూడా గ్రీన్ నష్టపోయాడని చెప్పడం తేలిక కాదు.

ఆక్షేపకుడు: నిజమే, ఆ సంగతి ఈ పక్షం దాటవేయదు. అయినా చట్టం కాపాడింది ఆదాయాన్ని, కర్తృత్వపు గుర్తును కాదు. తెలుగు వాగ్గేయకారులు ఈ చిక్కును ఎంత చక్కగా విప్పుకున్నారో గమనిస్తే తేడా తెలుస్తుంది. త్యాగరాజు తన పేరును చరణంలోనే ముద్రగా కూర్చాడు గనుక, అచ్చు పుస్తకం లేకపోయినా, పాడేవాడు ఎవరైనా, ఎన్ని తరాలు గడిచినా కర్త పేరు పలకకుండా కీర్తన ముగియదు. ఆ ముద్ర అహంకారమని ఎవరూ అనలేదు, భక్తికి అడ్డమనీ అనలేదు. భక్తి గాఢంగా ఉండాలంటే కర్త మాయం కావాలన్న నియమం ఎక్కడా లేదని దీనివల్ల తేలుతుంది.

సమర్థకుడు: ముద్ర ప్రస్తావన బలమైనదే, అయితే అది వేరే రకం పాటకు చెందినది. త్యాగరాజ కీర్తనలో రాముడితో మాట్లాడేది త్యాగరాజు. పాడేవారు ఆయన వేదనను తమ గొంతులో మోస్తారు, ముద్ర వచ్చినప్పుడల్లా ఆ వేదన ఎవరిదో మళ్ళీ జ్ఞాపకం వస్తుంది. సువార్త గీతంలో మాట్లాడే మనిషి స్థానాన్ని ఉద్దేశపూర్వకంగా ఖాళీగా ఉంచుతారు, ఎందుకంటే బల్లల మీద కూర్చున్న సంఘంలో ప్రతి ఒక్కరూ ఆ స్థానంలో తమను తాము నిలుపుకోవాలి. లౌరీ రాసిన ప్రశ్నలు అడిగేది ఎవరు అన్నదానికి ఆ పాటలో జవాబు లేదు. అందుకే పల్లె చర్చిలో పదేళ్ళ పిల్ల పాడినా, పేరుమోసిన తార పాడినా ఆ ప్రశ్న అప్పుడే వారికే తోచినట్టు వినిపిస్తుంది. అక్కడ కర్త ముద్ర ఉంటే ఆ ప్రశ్న అరువు తెచ్చుకున్నది అవుతుంది.

ఆక్షేపకుడు: ఆ ప్రశ్నల మీద క్రైస్తవులలోనే తగవు ఉన్న సంగతి ఇక్కడ గుర్తుచేయడం అవసరం. లూకా సువార్త మొదటి అధ్యాయంలో దేవదూత వచ్చి పుట్టబోయే బిడ్డ ఎవరో మరియకు చెప్పనే చెప్పాడు, ఆమె దానికి స్తుతిగీతంతో జవాబూ ఇచ్చింది. తెలిసిన మనిషిని పట్టుకుని తెలుసా అని పదేపదే అడగడంలో అర్థం లేదని కొందరు, మరియ జన్మపాపం అంటకుండా గర్భంలో పడిందన్న 1854 నాటి కథోలిక సిద్ధాంతానికి ఆ పాటలోని ఒక భావం పొసగదని మరికొందరు అంటారు.

సమర్థకుడు: అదే సువార్త రెండో అధ్యాయంలో కొడుకు చెప్పిన మాట తల్లిదండ్రులకు అర్థం కాలేదనీ, తల్లి ఆ సంగతులన్నీ మనసులో ఉంచుకుందనీ కూడా ఉంది. ఈ తగవును పండితులకు వదిలేయవచ్చు, అది పదాలకు సంబంధించినది, గ్రీన్ చేయి పడింది బాణీ మీద.

ఆక్షేపకుడు: అయితే అసలు చోటికి, అంటే వాద్యానికి రావాలి. బ్లూగ్రాస్ అన్నది కెంటకీలో పుట్టిన మాండొలిన్ విద్వాంసుడు బిల్ మన్రో తన బృందంతో రూపుదిద్దిన సంగీతం. 1945 చివర ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ళతో బాంజో వాయిస్తూ ఆ బృందంలో చేరడంతో దానికి నేటి రూపం వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. మాండొలిన్, ఫిడేలు, బాంజో, గిటార్, నిలువెత్తు బేస్ అనే అయిదు తంత్రీవాద్యాలు దాని అంగాలు. ఈ అయిదింటిలో మౌత్ ఆర్గాన్ లేదు. అది అక్కడ అతిథి, ఇష్టమైతే పిలుస్తారు. అంతకు ముందు తరంలో ఆ వాద్యానికి నాష్‌విల్‌లో జరిగింది ఇంకా చేదు కథ. బాల్యంలో పోలియో సోకిన నల్లజాతి కళాకారుడు డీఫర్డ్ బెయిలీ, పరుగెత్తే రైలు చప్పుడును మౌత్ ఆర్గాన్‌లో పలికించి, 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' రేడియో కార్యక్రమానికి తొలి తారల్లో ఒకడయ్యాడు. రేడియో స్టేషన్లకూ పాటల హక్కుల సంఘానికీ మధ్య రుసుముల పేచీ నడుస్తున్న 1941లో, ఆయనకు పేరు తెచ్చిన పాత బాణీలు వాయించవద్దని ఆంక్ష వచ్చింది, ఆ తరువాత ఉద్యోగమే పోయింది. ఆ పైన బూట్లు పాలిష్ చేసే దుకాణం నడుపుకుని బతికి, 1982లో కన్నుమూసిన ఆ మనిషిని కంట్రీ సంగీత ప్రముఖుల మందిరంలో చేర్చుకున్నది 2005లో. పేరు వదులుకోవడం గొప్ప అనేవారు, పేరు ఊడబెరకబడిన ఇటువంటి మనిషి ఎదుట ఆ మాట అనగలరా అన్నది ఈ పక్షం ప్రశ్న. వదులుకోగలగడం కూడా ఒక సౌకర్యమే, అది అందరికీ దొరకలేదు.

సమర్థకుడు: ఈ ప్రశ్నకు పూర్తి జవాబు ఈ పక్షం దగ్గర లేదు, ఉన్నట్టు నటించడం బెయిలీకి రెండోసారి చేసే అన్యాయమవుతుంది. కానీ బెయిలీకి జరిగినది వాద్యం చేసిన ద్రోహం కాదు, సంస్థలూ జాతివివక్షా చేసిన ద్రోహం. ఆ వాద్యాన్ని విడిగా పరిశీలించడం అవసరం. గ్రీన్ వాయించేది పది రంధ్రాల డయాటోనిక్ రకం; లోపల ఇరవై సన్నని లోహపు నాలుకలు ఉంటాయి, ప్రతి రంధ్రంలో ఊదితే ఒకటి, పీల్చితే ఇంకొకటి కంపిస్తుంది. కర్ణాటక సంగీతపు మాటల్లో చెప్పాలంటే అది శంకరాభరణ స్వరాలకు శ్రుతి చేసిన వాద్యం, అయితే అన్ని స్థాయిల్లోనూ అన్ని స్వరాలూ ఉండవు. మధ్య స్థాయి మాత్రమే నిండుగా ఉంటుంది, కింది స్థాయిలో మధ్యమమూ ధైవతమూ ఉండవు, పై స్థాయిలో నిషాదం ఉండదు. వేళ్ళతో చేయగలిగేది ఏమీ లేదు. లేని స్వరం కావాలంటే నాలుకనూ గొంతునూ సర్ది, రంధ్రంలోని రెండు లోహపు నాలుకల మీదా గాలి ఒత్తిడిని మార్చి స్వరాన్ని కిందికి వంచాలి, లేదా అంతకన్నా కష్టమైన పద్ధతిలో పైకి ఎగదోయాలి. ఫిడేలు మీద వేగంగా సాగే నృత్యపు బాణీలను ఈ లోటుల మధ్య నుంచి తడబడకుండా నడిపించడం గ్రీన్ సాధించిన విద్య. అయిదు తంత్రీవాద్యాలు తమదనుకునే సంగీతంలోకి ఊపిరి మీద నడిచే వాద్యాన్ని సమాన హోదాతో తీసుకెళ్ళినవారిలో ఆయన ఉన్నాడు. ఆ పనిని ఇరుకు సందులో నడక అనడం అన్యాయం.

ఆక్షేపకుడు: విద్య విషయంలో తగవు లేదు, ఆ విద్యకు దొరికిన ఆదరణ స్వభావంలోనే తగవు. న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో గేథర్ బృందపు కచేరీలో గ్రీన్ ఒక్కడే నిలబడి, బాఖ్ రచననూ రొస్సీనీ 'విలియం టెల్' సంగీత నాటకపు ప్రస్తావననూ చేతిలో ఇమిడిపోయే ఆ వాద్యం మీద వాయించాడు. హాలు నవ్వింది, అబ్బురపడింది, లేచి నిలబడింది. అయితే ఆ అబ్బురంలో సగం ఇంత చిన్న వస్తువు ఇంత పెద్ద సంగీతం పలికిందే అన్న ఆశ్చర్యమే, ఇదే రచనను ఫిడేలు మీద వాయిస్తే ఎవరూ నవ్వరు. గొప్ప వాద్యకారుడికి దొరికిన అతి పెద్ద వేదిక మీద కూడా వినోదకారుడి పాత్ర తప్పలేదంటే, ఎంచుకున్న వాద్యం అతణ్ణి ఎంతవరకు రానిచ్చిందో తెలుస్తూనే ఉంది.

సమర్థకుడు: ఆ నవ్వును చులకనగా ఎందుకు చదవాలి? సాధారణంగా చెప్పే చరిత్ర ప్రకారం 1927లో బెయిలీ రైలు బాణీ వాయించిన రాత్రే, అంతకు ముందు గంటలో ప్రసారమైన శాస్త్రీయ సంగీతాన్ని ఎకసెక్కమాడుతూ, వ్యాఖ్యాత జార్జ్ హే తమ కార్యక్రమానికి 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' అన్న పేరు పెట్టాడు. గ్రాండ్ ఓపెరా అక్కడివారి సంగీతం, ఇది మన పల్లెవారి ఓపెరా అన్నది ఆ పేరులోని చమత్కారం. ఆ రాత్రి ఓపెరాకు ఎదురుగా నిలబెట్టిన వాద్యమే ఇప్పుడు ఓపెరా స్వరకర్త రొస్సీనీని కార్నెగీ హాల్‌లో పలికించింది. ఈ చరిత్ర తెలిసినవారికి ఆ నవ్వులో వెక్కిరింపు వినిపించదు, పాత హద్దు ఒకటి చెరిగినందుకు కలిగిన సంతోషం వినిపిస్తుంది.

ఆక్షేపకుడు: తెలిసినవారు ఆ హాలులో ఎందరుంటారన్నది అలా ఉంచితే, ఇంకొక చిక్కు మిగిలింది, అది ఈ వాదనంతటిలోనూ గట్టిది. గ్రీన్ లోకానికి ఇచ్చిన బాణీ మైనర్ స్వరశ్రేణిలో ఉంది, అంటే నఠభైరవి మేళానికి దగ్గరైన వరుసలో. ఆయన వాద్యమేమో శంకరాభరణానికి శ్రుతి చేసినది. ఆ బాణీలో బ్లూగ్రాస్ వేగం లేదు, బాంజో జాడ లేదు, దానిని తలకెత్తుకున్నవారిలో చాలామంది మౌత్ ఆర్గాన్ ఊసే ఎత్తలేదు. జీవితమంతా సాధన చేసినది ఒకటి, లోకం తీసుకున్నది ఇంకొకటి. కనుక ఆ పాట విజయాన్ని చూపించి ఈ జీవితం నెగ్గిందనడం, వేరే ఖాతాలో పడిన సొమ్మును ఈ ఖాతాలో చూపినట్టే అవుతుంది.

సమర్థకుడు: ఈ మాటలో బలం ఉందని ఒప్పుకోక తప్పదు. అయినా వాద్యానికీ స్వరరచనకూ సంబంధమే లేదనడం తొందరపాటు. ఊపిరి మీద వాయించేవాడు ఏ పదబంధం ఎక్కడ ఆగాలో, శ్వాస ఎక్కడ తీసుకోవాలో వేల గంటలు నేర్చుకుంటాడు. సామాన్య సంఘం కూడా పాడుకోగల బాణీకి కావలసిన మొదటి గుణం అదే. ఇది రుజువు చేయగల మాట కాదు, ఊహే. కానీ గిటార్ వాద్యకారుల కన్నా ఊదే వాద్యాలవారు గొంతుకు దగ్గరగా ఆలోచిస్తారన్నది సంగీతలోకంలో కొత్త మాట కాదు.

ఆక్షేపకుడు: ఊహను ఊహగానే ఉంచుకుని, ఆ కార్నెగీ వేదిక మీద వినిపించిన బాఖ్ రచన దగ్గరికి రావడం మేలు. క్రైస్తవలోకమంతా 'జీసూ, జాయ్ ఆఫ్ మాన్స్ డిజైరింగ్' అని పిలుచుకునే ఆ భాగం 1723లో లైప్‌జిగ్ చర్చి కోసం బాఖ్ కూర్చిన 147వ కాంటాటాలోది. తన రచనల చివర దేవుడికే మహిమ అన్న అర్థమిచ్చే లాటిన్ మాటల పొడి అక్షరాలు రాసుకున్న ఆ భక్తుడి పేరు చెరిగిపోలేదు, భక్తి తగ్గనూ లేదు. పేరూ ప్రార్థనా ఒకే కాగితం మీద ఇమిడాయి.

సమర్థకుడు: ఇమిడాయి, కానీ ఎవరి పేరు? ఆ భాగంలో గాయకబృందం పాడే కీర్తన బాణీ బాఖ్‌ది కాదు. అంతకు ఎనభై ఏళ్ళ ముందు జర్మన్ వయొలిన్ విద్వాంసుడు యోహాన్ షాప్ కట్టినది. బాఖ్ దాని చుట్టూ పరుగులు తీసే స్వరాల అల్లికను పేర్చాడు. నేడు ఆ బాణీని పెళ్ళిళ్ళలో వాయించేవారిలో షాప్ పేరు విన్నవారు అరుదు, అయినా బాణీకి వచ్చిన లోటేమీ లేదు.

ఆక్షేపకుడు: బాణీకి లోటు లేకపోవడం వేరు, షాప్‌కు లోటు లేకపోవడం వేరు, ఈ సంవాదం మొదటి నుంచీ జరుగుతున్నది రెండోదాని గురించి.

సమర్థకుడు: షాప్‌కు గ్రంథస్వామ్య చట్టం లేదు, గ్రీన్‌కు ఉంది, పాటల పుస్తకంలో స్వరాల పైన కుడిపక్క చిన్న అక్షరాల్లో గ్రీన్ పేరు అచ్చవుతూనే ఉంది. దానిని చదవకుండా పాట ఎత్తుకోవడం సంఘం హక్కు.

ఆక్షేపకుడు: పాట తెరమీద వేసుకుని పాడే చర్చిలు పెరిగిన ఈ కాలంలో ఆ చిన్న అక్షరాలు కూడా ఎన్నాళ్ళు కనిపిస్తాయో చూడాలి, సమర్థకులు దానినీ గమ్యమనే అంటారేమో.

సమర్థకుడు: అంటారు, కానీ ఇంతకు ముందున్నంత ధీమాగా అనలేరు, బెయిలీ ప్రస్తావన వచ్చాక ఆ ధీమా కొంత సడలింది. ఆక్షేపకులు కూడా ఆ పాటను పెంటటోనిక్స్ గొంతుల్లో విన్నప్పుడు స్వరకర్త ఎవరని వెతికి ఉండరు.

ఆక్షేపకుడు: వెతకలేదు. ఆక్షేపణ మొదలయ్యేది అక్కడే.